పనికీ, ఊళ్లు తిరగడానికీ ఫోర్ వీల్ డ్రైవ్ పికప్: తిరుపతి, చిత్తూరు వైపు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మాది చంద్రగిరి పక్కన ఒక పల్లె. బోర్లలో మోటార్లు దించడం, కాలిపోతే పైకి లాగి బాగుచేసి మళ్లీ దించడం మా పని. పికప్ బండి లేకపోతే మాకు పూట గడవదు. మొదట్లో మామూలు టూ వీల్ డ్రైవ్ బండి ఉండేది, తర్వాత సెకండ్ హ్యాండ్‌లో ఫోర్ వీల్ డ్రైవ్ డబుల్ క్యాబ్, అంటే రెండు వరసల సీట్లున్న బండి, తీసుకున్నాను. వారమంతా మోటార్లు, పైపులు. సెలవు దొరికితే పిల్లలు, అమ్మ, పులిహోర క్యారేజీ. బండి ఎక్కడ ఆపినా ఎవరో ఒకరు వచ్చి టైరు మీద చెయ్యేసి "అన్నా, ఎట్లుంది బండి?" అని మొదలుపెడతారు. వాళ్లు అడిగినవే ఇవి.

అసలు నాకు ఫోర్ వీల్ డ్రైవ్ కావాలా?

పోయిన ఏడాది మీ బండి ఎన్నిసార్లు దిగబడిందో గుర్తు చేసుకోండి. ఒకటి రెండు సార్లయితే అక్కర్లేదు. పక్క చేనాయన ట్రాక్టరుతో లాగించి, డీజిల్‌కి డబ్బులిచ్చి, టీ తాగి రావచ్చు. ఫోర్ వీల్ డ్రైవ్‌కి పెట్టే అదనపు డబ్బుతో అలాంటి టీలు జీవితాంతం తాగినా ఇంకా మిగులుతుంది.

మా పని వేరు. మోటారు కాలిందని ఫోన్ వచ్చేది ఎక్కువగా చేను తడిసి ఉన్నప్పుడే. బోరు ఎక్కడో చేను నడిమధ్యలో ఉంటుంది. గెనిమల (గట్ల) మీద బండి పోదు, కయ్యలోకి (మడిలోకి) దిగాల్సిందే. టూ వీల్ బండి ఉన్న రోజుల్లో రోడ్డు మీదే ఆపి, బరువులెత్తే చైన్ బ్లాకు, మోటారు, పైపులు మనుషులతో మోయించేవాడిని. ఆ కూలీ లెక్క రాసుకుంటూ పోతే మూడో ఏడాదికి కళ్లు తెరుచుకున్నాయి. క్వారీ దారుల్లో తిరిగేవాళ్లు, గుట్ట మీద మామిడి తోట ఉన్నవాళ్లు, సోలార్ పనులూ కరెంటు లైన్ల పనులూ చేసేవాళ్లు కొనుక్కుంటే అర్థముంది. మదనపల్లె మార్కెట్‌కి తారు రోడ్డు మీద టమోటా తోలేవాళ్లకి దండగ.

తిరుమల కొండెక్కడానికి ఫోర్ వీల్ డ్రైవ్ ఉంటే మంచిదంటారు, నిజమేనా?

కాదు. రెండు ఘాట్ రోడ్లూ మంచి తారు రోడ్లు. దిగడానికి వాడే మొదటిది 1944లో వేసింది, ఎక్కే రెండోది 1974లో వచ్చింది. మారుతి 800 కూడా ఎక్కుతుంది, ఎన్నో ఏళ్లు ఎక్కింది కూడా. ఘాట్‌లో కావాల్సింది నాలుగు చక్రాల లాగుడు కాదు, బ్రేకులూ, గేరు అదుపూ. ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులోనే దిగండి. బ్రేకు మీదే కాలు పెట్టుకుని దిగితే ప్యాడ్లు మాడిన వాసన అలిపిరి దాకా తోడొస్తుంది. దిగేటప్పుడు 40 నిమిషాల కంటే ముందే కిందికి చేరితే జరిమానా వేస్తారని ఎలాగూ తెలుసు కదా, తొందరెందుకు?

హార్సిలీ హిల్స్ రోడ్డుకీ, భాకరాపేట ఘాట్‌కీ, మొగిలి ఘాట్‌కీ ఇదే సమాధానం.

2హెచ్, 4హెచ్, 4ఎల్ అని మీట దగ్గర రాసుంటుంది. ఏది ఎప్పుడు వేయాలి?

2హెచ్ అంటే వెనక చక్రాలే లాగుతాయి. నూటికి తొంభై రోజులు బండి అందులోనే ఉంటుంది.

4హెచ్ అంటే ముందు, వెనక ఇరుసులు రెండూ కలిసి, ఒకే వేగంతో తిరుగుతాయి. జారుడు మట్టి, ఇసుక, కంకర దారి, తడి గడ్డి ఉన్నచోట వేయాలి. ఇప్పటి బండ్లలో నడుస్తుండగానే మార్చుకోవచ్చు, కానీ చక్రం జారి గిర్రున తిరుగుతున్నప్పుడు మాత్రం వద్దు. బురద కనబడగానే, ఇంకా గట్టి నేల మీద ఉండగానే వేసుకోవాలి. దిగబడ్డాక వేసేవాడికి సగం లాభమే దక్కుతుంది.

4ఎల్‌లో ట్రాన్స్‌ఫర్ కేసు, అంటే ముందు వెనక ఇరుసులకి లాగుడు పంచే పెట్టె, అందులోని ఇంకో గేరు కలుస్తుంది. బండి రెండున్నర రెట్ల దాకా నెమ్మదిస్తుంది, లాగుడు ఆ మేరకు పెరుగుతుంది. బండి పూర్తిగా ఆపి, న్యూట్రల్‌లో పెట్టి మార్చాలి. నిటారు మిట్ట ఎక్కడానికీ, బండరాళ్ల మీద పాకడానికీ ఇది. దీని అసలు విలువ దిగేటప్పుడు తెలుస్తుంది. 4ఎల్ మొదటి గేరులో క్వారీ దారి దిగుతుంటే బ్రేకు మీద కాలే పెట్టక్కర్లేదు. కాడికి కట్టిన ఎద్దులా బండి తనంతట తనే అడుగులో అడుగేసుకుంటూ దిగుతుంది.

తారు రోడ్డు మీద 4హెచ్ వేసుకోవచ్చా?

పొడి తారు మీద ఎప్పుడూ వద్దు. మన దగ్గర దొరికే పికప్‌లలో ముందు, వెనక ఇరుసుల మధ్య తేడాను సర్దే డిఫరెన్షియల్ ఉండదు. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనకవాటి కంటే ఎక్కువ దూరం తిరగాలి. మట్టిలో అయితే చక్రం కాస్త జారి ఆ తేడా సర్దుకుంటుంది. తారు మీద జారే వీల్లేదు కాబట్టి ఆ మెలి అంతా షాఫ్టుల్లో, గేర్లలో పేరుకుంటుంది.

ఇది నాకు పుస్తకం చదివితే వచ్చిన తెలివి కాదు. బండి కొత్తలో పాకాల దగ్గర ఒక చేలోంచి బయటికొచ్చి, 4హెచ్ తీయడం మరిచిపోయి తిరుపతి దాకా వచ్చేశాను. బంకులో మలుపు తిప్పబోతే స్టీరింగు రాయిలా బిగుసుకుంది. కింద నుంచి తడక్ తడక్ మని చప్పుడు. మీట 2హెచ్‌కి తోస్తే 4హెచ్ దీపం ఆరలేదు. బండి పోయిందనే అనుకున్నాను. బంకులో గాలి కొట్టే ముసలాయన వచ్చి, "తిన్నగా నాలుగు బారలు ఎనక్కి పో నాయనా" అన్నాడు. పోయాను. టక్కున ఒక చప్పుడొచ్చి, దీపం ఆరిపోయింది. మెలి విడిపోయిందన్న మాట. ఆయన ఒకప్పుడు జీపులు నడిపాడట.

ఇప్పుడు కొత్తవాటిలో ఏమేం ఉన్నాయి?

ఎక్కువేం లేవు, రెండు జాతులుగా చూడండి.

ఇసుజు వీ-క్రాస్, టొయోటా హైలక్స్ ఒక జాతి. కారు లాంటి క్యాబిన్, ఐదు సీట్లు, ఐదున్నర అడుగులైనా లేని చిన్న తొట్టి. వీ-క్రాస్‌లో 1.9 లీటర్ల డీజిల్ ఇంజన్, 163 హార్స్ పవర్, 360 న్యూటన్ మీటర్ల టార్కు (తిప్పే బలం). హైలక్స్‌లో 2.8 లీటర్ల ఇంజన్, 204 హార్స్ పవర్, టార్కు మాన్యువల్‌కి 420, ఆటోమేటిక్‌కి 500. రెండూ 5.3 మీటర్ల పొడవు. అన్ని ఖర్చులూ కలిపి ముప్పై లక్షల మాట. హైలక్స్ ఆ పైన.

మహీంద్రా బొలెరో క్యాంపర్‌లో ఫోర్ వీల్ డ్రైవ్ రకం, టాటా యోధాలో ఫోర్ బై ఫోర్ రకం రెండో జాతి. క్యాంపర్‌ది 2.5 లీటర్ల ఇంజన్, 75 హార్స్ పవర్. యోధాది 2.2 లీటర్లు, 100 హార్స్ పవర్, 250 టార్కు. వేగం తక్కువ, చప్పుడు ఎక్కువ, సీటు బల్లలాగుంటుంది. కానీ బరువు మోస్తాయి, సందులో మెకానిక్కు కూడా విప్పి బిగించగలడు, ధర మొదటి జాతిలో సగం కూడా ఉండదు.

థార్, జిమ్నీ, గూర్ఖా గురించి అడుగుతారు. మంచి బండ్లే, కానీ తొట్టి లేదు. మోటారుకు అంటిన బోరు బురదను ఇంటావిడ కూర్చునే సీటు పక్కన పెట్టుకోలేను కదా.

ఎంత బరువు వేయొచ్చు? చూడ్డానికి అంత పెద్ద బండి, టన్ను మోయదా?

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. లెక్క మీరే వేసుకోండి, సేల్స్ కుర్రాడి మాట నమ్మకండి. ఆర్‌సీలో ఖాళీ బండి బరువు ఉంటుంది, సరుకుతో కలిపి ఉండదగిన మొత్తం బరువు ఉంటుంది. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే మిగిలేదే మీ జాగా. అందులోనే మీరు, మీ మనుషులు, మీ సంచులు. వీ-క్రాస్ లాంటి బండికి ఇది అర టన్ను చుట్టూ వస్తుంది. ఐదుగురు పెద్దవాళ్లు కూర్చుంటే మూడున్నర వందల కిలోలు వాళ్లే. ఇక తొట్టిలోకి మిగిలేదెంత? హైలక్స్ కొంచెం నయం. క్యాంపర్ అయితే టన్ను సరుకని కంపెనీయే చెబుతుంది. యోధా రకాన్ని బట్టి టన్ను పైనే.

మా పనితో చెబుతాను. రెండంగుళాల ఇనుప పైపు, ఇరవై అడుగులది, ఒకటి సుమారు 30 కిలోలు. నాలుగు వందల అడుగుల బోరులో ఇరవై పైపులు దిగుతాయి, 600 కిలోలు. దానికి మోటారు, కేబులు, చైన్ బ్లాకు, మూడు కాళ్ల స్టాండు, నాతో ఇద్దరు మనుషులు. ఖరీదైన డబుల్ క్యాబ్ ఈ లెక్కలో మొదటి బోరుకే ఓడిపోతుంది. పైగా ఇరవై అడుగుల పైపు ఐదడుగుల తొట్టిలో ఎక్కడ పడుతుంది? ఇనుము వెనక్కి పొడుచుకొచ్చేలా పెట్టుకుని రోడ్డెక్కకూడదు. వెనక వచ్చే బైకువాడి ప్రాణం మీదికొస్తుంది. ఇప్పుడు పదడుగుల ప్లాస్టిక్ కాలమ్ పైపులు వచ్చాయి కాబట్టి బతికిపోయాం. తేలిక, పైన క్యారియరు మీద కట్టేసుకోవచ్చు. ఇనుప పైపుల పని తగిలితే ఇప్పటికీ బాడుగ టెంపోనే పిలుస్తాను.

టమోటాకైనా అంతే. క్రేటు 25 కిలోలు వేసుకున్నా నలభై క్రేట్లకే టన్ను. మీ రోజువారీ సరుకు టన్ను అయితే సింగిల్ క్యాబ్ తీసుకోండి. ఎనిమిది తొమ్మిదడుగుల తొట్టి వస్తుంది. ఎక్కువ బరువు వేసుకుని తిరిగే రోజు ఇంజన్ ఏడవదు, చప్పుడు లేకుండా లాగేస్తుంది. ఏడ్చేది మొగిలి ఘాట్ దిగేటప్పుడు బ్రేకులు.

తెల్ల బోర్డా, పసుపు బోర్డా?

వీ-క్రాస్, హైలక్స్ తెల్ల బోర్డు మీద సొంత బండిగా రిజిస్టర్ అవుతాయి. పదిహేనేళ్ల దాకా రిజిస్ట్రేషన్ గొడవ లేదు, లైఫ్ ట్యాక్సు ఒకేసారి. మన రాష్ట్రంలో ధరను బట్టి శ్లాబులుంటాయి కాబట్టి ముప్పై లక్షల బండికి ఆ ఒక్క పన్నే గుండె గుభేలుమనిపిస్తుంది. క్యాంపర్, యోధా లాంటివి సరుకు బండ్లు, పసుపు బోర్డు. కొత్తదానికి మొదటి రెండేళ్లు, తర్వాత ఎనిమిదేళ్లు వచ్చేదాకా రెండేళ్లకోసారి, ఆపైన ఏటా ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) చేయించాలి.

మనది మూడు రాష్ట్రాల ముడి. పొద్దున చిత్తూరులో ఉంటే మధ్యాహ్నం వేలూరు, సాయంత్రం కోలారు. అందుకే ఇది గుర్తుంచుకోండి. మొత్తం బరువు 3,000 కిలోలు దాటని సరుకు బండికి మోటారు వాహనాల చట్టం 66వ సెక్షన్ ప్రకారం పర్మిట్ అక్కర్లేదు. అది దాటితే పర్మిట్ కావాలి. కొనేముందే ఆ అంకె చూసుకోండి.

తెల్ల బోర్డు బండితో బాడుగలు మాత్రం తోలకండి. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు వాళ్లు అడిగే మొదటి ప్రశ్న అదే.

కారు లైసెన్సుతో పసుపు బోర్డు పికప్ నడపొచ్చా?

నడపొచ్చు. సరుకుతో కలిపి మొత్తం బరువు 7,500 కిలోలు దాటని రవాణా బండిని ఎల్ఎంవీ (తేలిక వాహనాల) లైసెన్సుతోనే నడపొచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో తేల్చింది.

ఇసుజు మన శ్రీసిటీలోనే తయారవుతుంది కదా, ఇక్కడివాళ్లకి తక్కువకి రాదా?

రాదు. 2016 నుంచి అక్కడ తయారవుతోంది, మన జిల్లా పిల్లలు ఎంతోమంది పనిచేస్తున్నారు, గొప్పే. ఫ్యాక్టరీ పక్కనుందని ధర తగ్గదు, స్పేర్ పార్టు గేటు దగ్గర ఇవ్వరు. తిరుమలలో ఉన్నవాడికి లడ్డూ ఊరికే వస్తుందా?

ఖాళీగా పోతుంటే వెనక ఎగిరెగిరి పడుతుంది. అది బండి లోపమా?

లోపం కాదు. వెనక కమాను పట్టీలు బరువు కోసం వేసినవి. బరువు లేకపోతే పని లేని పిల్లోడిలా గంతులేస్తాయి. తడి రోడ్డు మీద ఖాళీ పికప్ వెనక భాగం పక్కకి జారడానికి కూడా ఇదే కారణం. తొట్టిలో, ఇరుసుకి దగ్గరగా, రెండు ఇసుక బస్తాలు కట్టేసి ఉంచండి. కట్టకపోతే బ్రేకు వేసినప్పుడు అవి క్యాబిన్ పలకరించడానికి వస్తాయి. ఇంట్లోవాళ్లతో దూరం పోయేటప్పుడు వెనక టైర్లలో గాలి కంపెనీ ఖాళీ బండికి చెప్పిన అంకెకి తగ్గించుకోండి. చాలామంది లోడు గాలితోనే ఊళ్లు తిరిగి నడుం పట్టేసిందంటారు.

టైర్లు ఏవి వేయించాలి?

బండితో వచ్చేవి ఎక్కువగా రోడ్డు టైర్లు. చేలల్లో తిరిగేవాళ్లకి ఆల్ టెర్రెయిన్ టైర్లు సరిపోతాయి. పెద్ద పెద్ద గడులుండే మడ్ టెర్రెయిన్ టైర్లు చూపుకి బాగుంటాయి కానీ తారు మీద హోరు, వానలో జారుడు, మైలేజీకి గండి. మన ఎర్రమట్టికీ కంకరకీ అవి అక్కర్లేదు.

మన దగ్గర టైరుకి అసలు శత్రువు రాయి కాదు, సర్కారు తుమ్మ ముల్లు. చెరువు కట్టల వెంట కంప కొట్టి దారి మీద పడేసి ఉంటారు. ఎండిన ముల్లు మేకులా దిగుతుంది, గాలి మెల్లగా రెండో రోజుకి పోతుంది. పంక్చర్ కిట్టు, పన్నెండు వోల్టుల గాలి పంపు తొట్టిలో కాదు, సీటు కింద పెట్టుకోండి.

నాలుగు టైర్లూ ఒకే రకం, ఒకే అరుగుదల ఉండాలి. ముందు కొత్తవి, వెనక పాతవి వేసుకుని 4హెచ్ వాడితే బంకులో నాకు జరిగింది మీకు తిన్నటి రోడ్డులోనే జరుగుతుంది.

వంక పారుతుంటే దాటొచ్చా? బండి అంత ఎత్తుంది కదా.

హైలక్స్‌కి 700 మిల్లీమీటర్ల నీళ్లలో పోవచ్చని కంపెనీ చెబుతుంది. ఆ అంకె నిలబడి ఉన్న నీళ్లకి. పారే నీళ్లకి ఏ కంపెనీ మాటా చెల్లదు. మోకాలి పైన, అంటే రెండడుగుల నీళ్లు వడిగా పారుతుంటే చాలు, పికప్ అయినా తేలిపోతుంది. బండి ఎంత పెద్దదైతే నీళ్లు తోసే పలక అంత పెద్దదవుతుంది. చక్రాలు నేలని అంటకపోతే రెండు లాగినా నాలుగు లాగినా ఒకటే.

2021 నవంబరు వానలు మనవాళ్లకి చెప్పక్కర్లేదు. స్వర్ణముఖి ఒడ్లు కోసుకుంటూ పారింది, రాయలచెరువు కట్ట లీకయిందని కింది ఊళ్లు ఖాళీ చేయించారు. ఆ వారంలో ఒక మామిడి తోటాయన ఫోన్ చేసి, పంపు షెడ్డు మునిగిపోతోంది, మోటారు పైకి తీసిపొమ్మన్నాడు. దారిలో చెరువు నిండి మొరవ పోతోంది, అంటే నీళ్లు పొర్లి పారుతున్నాయి. రోజూ దాటే కాజ్‌వేనే, మీద నీళ్లు ఎర్రగా, నున్నగా, అడుగున్నర ఉంటాయేమో అనిపించింది. 4ఎల్ వేసి కూర్చున్నాను. మా దగ్గర పనిచేసే కుర్రాడు దిగి, చేతిలో ఉన్న పదడుగుల పైపుతో ముందు పొడిచి చూస్తానన్నాడు. ఒడ్డునే నిలబడి పొడిచాడు. నాలుగో పొడుపుకి పైపు సగం దాకా దిగిపోయింది. కింద కాజ్‌వేనే లేదు, రాత్రే కొట్టుకుపోయింది. వెనక్కి తిప్పుకొచ్చేశాం. మోటారు మునిగింది, తర్వాత వైండింగు చేయించి ఇచ్చాను, ఆయన ఇప్పటికీ మా గిరాకీనే.

దిగబడిపోతే మొదట ఏం చేయాలి?

యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయాలి. రేజ్ చేసేకొద్దీ చక్రం తన గుంత తనే తవ్వుకుంటుంది, ఇరుసు మట్టి మీద కూర్చుంటుంది, ఆపైన ఏ గేరూ పనికిరాదు. దిగి చక్రం ముందు మట్టి పార తీసుకుని తీయండి, కొబ్బరి మట్టలో గోనెపట్టలో వేయండి, 4ఎల్‌లో రెండో గేరు వేసి మెల్లగా కదపండి. ఇసుకైతే టైరు గాలి సగానికి దగ్గరగా తగ్గిస్తే అరటికాయ తొక్కినట్టు పరుచుకుని నిలబడుతుంది. బయటికొచ్చాక మళ్లీ నింపుకోండి.

బురదలో ఒక పక్క చక్రాలు రెండూ జారితే ఫోర్ వీల్ డ్రైవ్ కూడా చేతులెత్తేస్తుంది. అప్పుడు ఆదుకునేది వెనక రెండు చక్రాలనూ కలిపి తిప్పే డిఫరెన్షియల్ లాక్. హైలక్స్‌లో వస్తుంది. ఏ బండి చూసినా, ఏ వేరియంటులో అది ఉందో అడగండి, సన్‌రూఫ్ గురించి తర్వాత అడగొచ్చు.

లాగించుకునేటప్పుడు తాడు కొక్కేనికే తగిలించాలి, బంపరుకి కాదు. నా ముందు బంపరు ఎడమ పక్క కొత్తగా ఎందుకుందో మాత్రం అడక్కండి.

మాన్యువలా, ఆటోమేటిక్కా?

తిరుపతి ట్రాఫిక్‌లోనూ, బురదలోనూ ఆటోమేటికే సుఖం. మామిడి కాలంలో గుజ్జు ఫ్యాక్టరీ ముందు తోతాపురి బండ్ల వరసలో అడుగడుగూ జరిగేవాడికి ఎడమ కాలు మిగులుతుంది. చేలో పనివాళ్ల చేతికి కూడా బండి ఇస్తానంటే మాన్యువల్. ధరలో తేడా కూడా తక్కువేం కాదు.

ఊళ్లో ఎక్కడ పెట్టుకోవాలి?

గాంధీ రోడ్డు, తిలక్ రోడ్డు వైపు పని ఉంటే స్కూటర్ మీద వెళ్లండి.

అడవుల్లోకి తీసుకెళ్లొచ్చా? ఎర్రచందనం చెకింగుల్లో పికప్‌లనే ఆపుతారట?

ఆపుతారు. శేషాచలం చుట్టూ, భాకరాపేట వైపూ, మామండూరు వైపూ రాత్రిపూట టార్పాలిన్ కప్పిన పికప్ కనిపిస్తే ఆపడం వాళ్ల పని. దుంగలు దాటించేవాళ్లు వాడేది మన బండ్లే కాబట్టి వాళ్లని తప్పుబట్టలేం. లోపలి దీపం వేసి, అద్దం దించి, అడక్కముందే వెనక పట్ట తీసి చూపించండి. రెండు నిమిషాల పని. సరుకు తాలూకు బిల్లు క్యాబిన్లోనే ఉంచుకోండి. నేను మోటారు వైండింగు చీటీలు కూడా ఉంచుకుంటాను. అర్ధరాత్రి మట్టి పట్టిన గుండ్రటి పొడుగు వస్తువు టార్పాలిన్ కింద ఉంటే ఎవరికైనా అనుమానమే మరి.

ఇక అడవిలో సొంతంగా దారి చేసుకుని తిరగడం నేరం. శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కైనా, పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అభయారణ్యమైనా అంతే. తలకోనకి జలపాతం దగ్గరి దాకా రోడ్డే ఉంది, ఏ బండైనా పోతుంది. కౌండిన్య వైపు చీకటి పడ్డాక ఏనుగులు రోడ్డెక్కుతాయి. కనిపిస్తే దూరంగా ఆపి, హారన్ కొట్టకుండా, వెనక్కి వెళ్లే దారి చూసుకోండి. వాటి ముందు నాలుగు చక్రాల లాగుడు లెక్కలోకి రాదు.

టూర్లకి సామాను తొట్టిలో పెడితే ఫరవాలేదా?

వాన, దుమ్ము, కోతులు. ఈ మూడింటికీ జవాబు ఉంటే ఫరవాలేదు. గట్టి మూత వేయించుకుంటే తడవదు, తాళం పడుతుంది. ఎత్తు గుడారం లాంటి క్యానపీ అయితే జాగా పెరుగుతుంది కానీ పని రోజుల్లో మోటారు ఎత్తి దించడానికి అడ్డం. నాది మడిచే మూత. దూర ప్రయాణాల్లో వెనక తలుపు సందుల్లోంచి దుమ్ము లోపలికి పీల్చుకుంటుంది, అంచున రబ్బరు పట్టీ అంటించుకోండి.

అలిపిరిలో సామానంతా దించి స్కానింగులో పెట్టాలి. టార్పాలిన్ మీద తాడుతో ఇరవై ముడులు వేసుకుని వెళ్తే వెనకవాళ్ల హారన్ల మధ్య అవన్నీ విప్పుకోవాలి. కొండకి పోయే రోజు సంచులు సీట్ల దగ్గరే పెట్టుకోండి. పనిముట్ల పెట్టె ఇంట్లో దించేయండి. కుర్రాళ్లు వదిలేసిన బీడీకట్ట ఏ మూలనైనా ఉందేమో ముందే చూడండి. ఒకసారి అది నాది కాదని నిరూపించుకోవాల్సి వచ్చింది, మా అమ్మ ముందు.

తొట్టిలో మనుషుల్ని కూర్చోబెట్టొచ్చా?

వద్దు. కూలీలైనా, పెళ్లివాళ్లైనా, "ఈ పక్కూరికే కదా" అన్నా సరే. చట్టం ఒప్పుకోదు, ఇన్సూరెన్సు రాదు, ఒక్క గుంతకి పిల్లోడు ఎగిరి కింద పడతాడు.

బుల్ బార్, లైట్లు, ఎత్తు పెంచడం?

బుల్ బార్ల మీద చర్య తీసుకోమని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకి రాసింది. గుద్దుకున్నప్పుడు దెబ్బని నలిగి మింగాల్సిన ముందు భాగాన్ని ఆ ఇనుము నలగనివ్వదు, ఎయిర్ బ్యాగు లెక్క తప్పుతుంది, ఎదుటివాడికి మరీ ప్రమాదం. కంపెనీ ఇచ్చిన వివరాలకి విరుద్ధంగా బండి మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఆ డబ్బుతో కింద ఇంజన్‌కి రక్షణ పలక, మంచి లాగుడు తాడు, పార కొనుక్కోండి.

దగ్గర దగ్గర ఊళ్లే తిరుగుతాను. డీజిల్‌తో ఇబ్బందేమైనా?

ఉంది. బీఎస్-6 డీజిల్ బండ్లలో పొగ గొట్టం దారిలో మసిని పట్టే జల్లెడ ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. అది నిండాక వేడితో మసిని తనే కాల్చుకోవాలి. రోజూ రెండు మూడు కిలోమీటర్లు తిరిగి ఆపేస్తే ఆ వేడి రాదు, దీపం వెలుగుతుంది. అప్పుడు నాయుడుపేట రోడ్డెక్కి ఇరవై ముప్పై నిమిషాలు ఒకే వేగంతో పోయి రండి. దీపాన్ని నెలల తరబడి పట్టించుకోకపోతే జల్లెడ మార్చాల్సొస్తుంది, ఆ బిల్లు చూస్తే మన మసి కూడా దిగిపోతుంది. పొగలోని విషవాయువుల్ని తగ్గించే డెఫ్ ద్రవం పోయాల్సిన బండి అయితే డబ్బా ఒకటి దగ్గరుంచుకోండి.

మైలేజీ అడుగుతారు. పెద్ద డబుల్ క్యాబ్‌కి పదీ పన్నెండు మధ్య అనుకోండి.

సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంటే ఏం చూడాలి?

ముందు బండి కింద పడుకోండి. ఉప్పు నీళ్ల దగ్గర, సూళ్లూరుపేట, నెల్లూరు వైపు రొయ్యల చెరువుల్లో తిరిగిన బండి పైన మెరుస్తుంది, కింద ఛాసిస్ పొరలు పొరలుగా రాలుతుంది. సుత్తి పిడితో కొట్టి చూడండి, ఖంగుమనాలి. ముందు చక్రాల లోపలి రబ్బరు బూట్లు చిరిగాయా, ట్రాన్స్‌ఫర్ కేసు కింద నూనె చెమ్మ ఉందా, ప్రొపెల్లర్ షాఫ్టు చేత్తో తిప్పితే లొడలొడ ఆడుతుందా చూడాలి.

తర్వాత మట్టిలోకి తీసుకెళ్లి 4హెచ్, 4ఎల్ రెండూ వేయించండి. అమ్మేవాడు "అది ఎప్పుడూ వాడలేదన్నా, కొత్తదానికిందే లెక్క" అంటే సంతోషించకండి. ఏళ్ల తరబడి కదపని మీట తుప్పుపట్టి ఉంటుంది. నా బండి అలా కొన్నదే, 4ఎల్ పడటానికి వారం పట్టింది.

కాగితాల్లో ఆర్‌సీ, ఫైనాన్స్ క్లియరెన్సు, చలానాలతో పాటు, ఎర్రచందనం కేసులో పట్టుబడిందా, వేలంలో వచ్చిందా అన్నదీ మన జిల్లాలో తప్పకుండా విచారించాలి.

నువ్వయితే ఇప్పుడు ఏది కొంటావన్నా?

పని ఒక్కదానికే అయితే క్యాంపర్ ఫోర్ వీల్ డ్రైవ్. మా సరుకు బరువుకి అదే లెక్క తేలుతుంది, చెడిపోయినా పాకాలలోనే బాగవుతుంది. టూర్లే ఎక్కువ, పని తక్కువ అయితే వీ-క్రాస్. హైలక్స్ నడిపి చూశాను, ఆ ఇంజన్ లాగుడు వేరే సంగతి, కానీ అంత డబ్బు పెట్టి దాని తొట్టిలో బోరు మోటారు పడేసే గుండె నాకు లేదు.

షోరూముకి వెళ్లేటప్పుడు ఇంట్లో పెద్దవాళ్లని తీసుకెళ్లి వెనక సీట్లో కూర్చోబెట్టండి. పికప్‌లలో వెనక వీపు నిటారుగా ఉంటుంది, మోకాళ్లు పైకొస్తాయి. ముందు కూర్చుని నడిపేవాడికి అది ఎప్పటికీ తెలియదు. మా అమ్మని అలాగే ఒకదాంట్లో ఎక్కించి రేణిగుంట దాకా తిప్పుకొచ్చాం. దిగి, చీర కుచ్చిళ్లు సర్దుకుని, సేల్స్ పిల్లోడితో అంది: "మెట్టొకటి ఏయించు నాయనా. ఎక్కడం ఎట్నో ఎక్కినా, దిగేటప్పుడు బాయిలోకి దిగినట్టుంది."